మునిగేలా కుట్టిన సంచి

ఆంబ్రోస్ విట్లాక్ గారి ఉత్తరాలే దేశాన్ని నిలబెట్టాయని ఇప్పుడు అందరూ అంటున్నారు. అననివ్వండి, నాకేం! నా పూటకూళ్ళింట్లో కూర్చుని, నేను కాచిన ఆలిచిప్పల చారు తాగుతూ, ఇంగ్లండు రాజుతో యుద్ధం జరిగినప్పుడు ఫ్రాన్సు నించి సరుకు తెప్పించిన ఆయన కలం లేకపోతే మన సైన్యానికి మందుగుండు ఉండేదా, కాళ్ళకు జోళ్ళుండేవా అని బల్ల గుద్ది మరీ చెబుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. కలం ఆయనదే, కాదనను. ఆ ఉత్తరాలు శత్రువు చేతికి చిక్కకుండా సముద్రం అడుక్కి పోయేలా కుట్టిన చెయ్యి ఎవరిదో ఒక్కడంటే ఒక్కడు అడగడు. ఆ చెయ్యి టేసీ పెల్‌ది. మా ఫిలడెల్ఫియా రేవు పక్కనే, మా ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేది.

టేసీ తెరచాపలు కుట్టేవాడి కూతురు, తెరచాపలు కుట్టేవాడి పెళ్ళాం. పొడుగ్గా, బక్కపల్చగా ఉండేది. కుడి అరచేతికి సూదిని నెట్టే తోలుపట్టీ ఎప్పుడూ ఉండేది, అన్నానికి కూర్చున్నా తీసేది కాదు. మొండిఘటం. ఒకసారి ఒక ఓడ మేస్త్రీ వచ్చి, "ఏమ్మా, కాస్త తొందరగా కుట్టలేవా?" అన్నాడు. "అంత తొందరైతే జిగురు రాసి అంటించుకో నాయనా, నా దగ్గరికెందుకొచ్చావు?" అంది. వాడు నోరు మూసుకుని మెట్లమీద కూర్చున్నాడు.

విట్లాక్ గారు ఫ్రాన్సుకి ఒక ఉత్తరం రాస్తే, దానికి మూడు నకళ్ళు రాయించేవారు. సముద్రమంతా రాజుగారి యుద్ధనౌకలే. అందుకని అసలు ఒక ఓడలో, నకళ్ళు మూడూ మూడు రేవుల నించి మూడు ఓడల్లో వెళ్ళేవి. ఏదో ఒకటి చేరితే చాలు. కానీ ఏ ఒక్కటీ పట్టుబడకూడదు. పట్టుబడితే ఆ ఇంగ్లీషువాళ్ళు చదివి, మన ఓడలు ఎక్కడికి ఎప్పుడు వస్తాయో తెలుసుకుని అక్కడే కాచుకుంటారు. అందుకే ఆ సంచి. రెండు పొరల నూనె గుడ్డ, పొరల మధ్య సీసపు పలకలు, నీళ్ళు జొరబడడానికి అడుగున కన్నాలు. శత్రువు తెరచాప కనబడగానే కెప్టెన్ సంచిని సముద్రంలోకి విసిరేయాలి. అది క్షణం కూడా పైన ఉండకూడదు. అందరూ గడియారం బరువులు, చూరు తూములు కరిగించి తూటాలు పోసుకుంటున్న రోజుల్లో కూడా టేసీ గదికి సీసం తప్పకుండా వచ్చేది. ఆమె సంచులను ఏ కెప్టెనూ పరీక్షించేవాడు కాదు.

ఆమె మొగుడు ఈనక్ ఇంగ్లండులో ప్లిమత్ జైల్లో ఉన్నాడు. అతనున్న ఓడను రాజుగారి నౌక పట్టుకుని రెండేళ్ళు దాటింది. ఆ చలికాలంలో, జైలు గోడ కింద కన్నం తవ్వి పారిపోయొచ్చిన నావికుడొకడు మా ఇంటికి వచ్చాడు. ఈనక్ బతికే ఉన్నాడని చెప్పాడు. ఆ మాటకి టేసీ ముఖం వెలిగింది. ఆ తర్వాత వాడు చారు గిన్నెలోకి చూస్తూ, "దగ్గుతున్నాడమ్మా, బాగా దగ్గుతున్నాడు. ఇంకో చలికాలం అక్కడ గడిపేలా లేడు," అన్నాడు.

ఖైదీల మార్పిడి జరుగుతోందని కూడా వాడే చెప్పాడు. ఇక్కడి ఇంగ్లీషు ఖైదీలను ఇచ్చి మనవాళ్ళను తెచ్చుకోవడం. జాబితా ఫ్రాన్సులో, నాంత్ రేవులో తయారవుతుంది, జూన్ మొదట్లో మూసేస్తారు. అక్కడ పలుకుబడి ఉన్నవాడు చెబితేనే పేరు ముందుకొస్తుంది. నాంత్‌లో విట్లాక్ గారి మనిషి ఉన్నాడు. ఇంక టేసీ ఊరుకుంటుందా? రోజూ పొద్దున్నే విట్లాక్ గారి ఆఫీసు గుమ్మం ముందు నిలబడేది. ఆయన సైన్యం పనుల మీద పరుగులు పెడుతూ, "చూద్దాంలేమ్మా, చూద్దాం," అనేసి బండెక్కేసేవారు. ఆయన పెద్ద గుమాస్తా లంట్ ముసలాయన మాత్రం జాలిపడి కుర్చీ వేసేవాడు.

ఏప్రిల్లో ఒక పొద్దున లంట్ గారు ఉత్తరాల కట్ట పట్టుకుని మా మేడమెట్లు ఎక్కాడు. నేనూ అక్కడే ఉన్నాను, టేసీకి మొక్కజొన్న జావ తీసుకెళ్ళాను. ముసలాయన ముఖం చూడగానే ఏదో మంచి మాటే అనిపించింది.

"టేసీ, నీ పని జరిగిందమ్మా!" అన్నాడు రొప్పుతూ. "అయ్యగారు సైన్యం దగ్గరికి బయల్దేరబోతుంటే కాళ్ళావేళ్ళా పడ్డాను. గుర్రం దిగి లోపలికొచ్చి, ముద్ర వేయబోయే ఉత్తరం కింద తన చేత్తోనే తాజాకలం రాశారు. వింటావా?"

లంట్ గారు అప్పజెప్పాడు. ప్లిమత్ జైల్లో ఉన్న తెరచాపల పనివాడు ఈనక్ పెల్ నా మనిషి, అతని పేరు ఈ విడత మార్పిడిలోనే వేయించండి, ఖర్చు నా లెక్కలో రాసుకోండి. అంతే. రెండు వరసలు. టేసీ తోలుపట్టీ ఉన్న చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. అంత పెద్దగా నవ్వగలదని నాకు తెలీదు.

"ముసలాయన్ని ముద్దు పెట్టుకోవే, ఎవరూ ఏమనుకోరు," అన్నాను.

"ముందు ఆయన పళ్ళు కట్టించుకోమను," అంది కళ్ళు తుడుచుకుంటూ. లంట్ గారు కూడా నవ్వాడు. అంతలో ఆమె నవ్వు ఆగింది. "లంట్ గారూ, నకళ్ళలో కూడా రాశారు కదా?"

ముసలాయన ముఖం పాలిపోయింది. అసలు విషయం ఆయనకి అప్పుడే తట్టినట్టుంది.

"నకళ్ళు... నకళ్ళు మొన్ననే వెళ్ళిపోయాయమ్మా. బోస్టన్‌కి, బాల్టిమోర్‌కి, మూడోది ఇంకో చిన్న రేవుకి. తాజాకలం ఇవాళ పొద్దున రాసింది."

"అంటే మా ఆయన పేరున్నది ఈ ఒక్క కాగితంలోనే."

"ఈ ఒక్కదాంట్లోనే."

"మళ్ళీ ఇంకోటి రాయించండి."

"అయ్యగారు వెళ్ళిపోయారు. నెలదాకా రారు. నేను రాసిస్తే నాంత్‌లో నా చేతిరాతకి ఎవడూ చిల్లిగవ్వ విదల్చడు. ఆయన దస్తూరీ ఉండాలి, ఆయన ముద్ర ఉండాలి." లంట్ గారు కట్టను బల్లమీద పెట్టి చేతులు నలుపుకున్నాడు. "జాగ్రత్తగా కుట్టమ్మా. మందుగుండు ఓడ మన తీరంలో ఏ పాయలోకి రావాలో, ఒడ్డున ఏ దీపాలు చూసి మళ్ళాలో, అంతా ఇందులోనే ఉంది."

నాంత్‌లో లంగరేసి ఈ ఉత్తరం కోసం చూస్తున్న ఆ మందుగుండు ఓడలో నా తమ్ముడు సైలస్ ఉన్నాడు. నేనే పెంచాను వాణ్ణి. అమ్మ పోయేనాటికి వాడికి నడక కూడా రాలేదు.

ఉత్తరం పట్టుకెళ్ళేది 'సుసానా' అనే ఓడ. దాని కెప్టెన్ గిడియన్ స్టౌట్. ఆ పేరు వింటే రేవులో ఎవరైనా నవ్వుతారు. దూరాన తెరచాప అంచు కనబడితే చాలు, ఎవరిదో ఏమిటో చూడకుండా సంచి సముద్రంలో పడేసే రకం. కిందటేడు చేపల పడవను చూసి ఒక సంచి ముంచేశాడు. అయినా విట్లాక్ గారు అతన్నే పంపేవారు. ఓడ వేగమైనది, ఒక్కసారి కూడా పట్టుబడలేదు.

కాసేపటికి స్టౌట్ మా ఇంటికి వచ్చాడు, సంచి కోసం తొందరపెడుతూ. ఆటు మొదలవగానే ఓడ కదలాలి. టేసీ కిందకి దిగొచ్చి, అతని ఎదురుగా నిలబడింది.

"కెప్టెన్ గారూ, ఒక్క కాగితం మీ పెట్టెలో విడిగా పెట్టుకెళ్తారా? చివరి పేజీ మాత్రమే. అందులో యుద్ధం సంగతులేవీ లేవు."

"ఎవరి ముద్ర?"

"విట్లాక్ గారిదే."

"అయితే కుదరదమ్మా. ఆ ముద్ర ఉన్న ముక్క నా పెట్టెలో దొరికిందనుకో, మొత్తం ఎక్కడ పారేశావురా అని నన్ను కొరడాలతో కొట్టి మరీ అడుగుతారు. ఆ పైన ఉరితాడు. అన్నీ సంచిలోనే. అది రూలు."

"మరి సంచిని చేపల పడవను చూసి పారేయరు కదా?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు. పక్క బల్ల దగ్గర నావికులు పకపకా నవ్వారు.

స్టౌట్‌కి కోపం రాలేదు. "భయస్తుణ్ణే డోర్కస్. అందుకే ఇంకా నీ చారు తాగుతున్నాను. ధైర్యవంతులంతా ప్లిమత్‌లో ఉన్నారు," అన్నాడు. తర్వాత టేసీ ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు. ఆమె మెట్లెక్కింది.

నేను రొట్టె పట్టుకుని పైకి వెళ్ళేసరికి సంచి సగం పూర్తయింది. నేను సూది పట్టి బతకలేదుగానీ, ఇన్నేళ్ళు చూశాను కదా, నా కళ్ళకు తేడా తెలిసింది. సీసం పలకలున్న పొర దగ్గర కుట్లు దూరం దూరంగా ఉన్నాయి. దారం తెల్లగా ఉంది, మైనం రాయలేదు. మైనం లేని దారం నీళ్ళలో పడి బరువు లాగితే నిలవదు.

"ఏమే, దారానికి మైనమేదీ?"

ఆమె తలెత్తలేదు. "తలుపు మూసి రా అక్కా."

మూసి వచ్చాను.

"విసిరేటప్పుడు ఈ కుట్టు తెగుతుంది. సీసం కిందకి పోతుంది, సంచి పైకి తేలుతుంది," అంది, వంట సంగతి చెబుతున్నట్టు. "స్టౌట్ సంగతి నీకు తెలీదా? మేఘం ముక్కను చూసినా విసిరేస్తాడు. కాసేపటికి అది శత్రువు కాదని తెలుస్తుంది. తేలుతుంటే చిన్న పడవ దింపి తీసుకుంటాడు. మునిగితే ఏం తీసుకుంటాడు? ఈనక్ పేరు రొయ్యలు చదువుకోవాలి."

"నిజంగా శత్రువే అయితే?"

"అప్పుడు వాళ్ళు తీసుకుంటారు."

కింద ఎవరో పాట అందుకున్నారు. ఆమె ఇంకో కుట్టు వేసింది.

"సైలస్ ఆ ఓడలోనే వస్తాడు కదూ?" అంది.

"అవును."

"మరి నన్ను వద్దనవేం? అరవ్వేం? అందరిమీదా అరుస్తావుగా."

"ఏమని అరవను?" నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "వద్దంటే నా తమ్ముడి కోసం నీ మొగుణ్ణి వదులుకోమన్నట్టు. సరే అంటే నీ మొగుడి కోసం నా తమ్ముణ్ణి తీసుకుపొమ్మన్నట్టు. ఇంత పాపిష్టి మాట నా నోట రాదు. నీ చేతిలో ఉంది సూది, నీ ఇష్టం. నన్ను మాత్రం అడక్కు!"

రొట్టె బల్లమీద పడేసి కిందకి వచ్చేశాను. పొయ్యి దగ్గర నిలబడ్డానే గానీ, ఏం కలుపుతున్నానో నాకే తెలీదు. చారులో ఉప్పు రెండుసార్లు వేశానట, నావికులు గొడవ పెట్టారు. నోరు మూసుకుని తాగమన్నాను. నా చెవులన్నీ పైనే ఉన్నాయి. ఒకసారి కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. ఇంతలో రేవులోంచి స్టౌట్ కేక వినబడింది.

"సంచి! టేసీ, సంచేది? నీళ్ళు తీస్తున్నాయి!"

నేను పైకి పరిగెత్తాను. నేలంతా తెగ్గోసిన తెల్లదారాలు. టేసీ కిటికీ దగ్గర కూర్చుని, మైనం రాసిన నల్లటి దారంతో ఆ పొరంతా మొదటినించీ కుడుతోంది. చిన్న చిన్న కుట్లు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. సూది వేలిలో దిగినట్టుంది, గుడ్డమీద రక్తం మరక ఉంది. కళ్ళనించి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఆ ఓడలో ఎంతమంది ఉంటారక్కా?" అంది.

"నలభై మంది ఉంటారేమో."

"అంతమందికీ ఎవరో ఒకరు ఉంటారు కదా ఇంట్లో. ఛీ! ఈ ఆలోచన రాకుండా ఉంటే ఈపాటికి ఎప్పుడో అయిపోయేది పని."

ఆమె తల మీద చెయ్యి వేస్తే విదిలించుకుంది. "కుట్టు వంకర పోతుంది, జరుగు," అంది.

స్టౌట్ సంచిని చేత్తో ఎత్తి బరువు చూశాడు, అంతే. "నువ్వు కుట్టాక చూసేదేముంది," అన్నాడు. సుసానా నది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా టేసీ రేవులో నిలబడింది. నేను మాత్రం నిలబడలేకపోయాను. వంట ఉందని వంక చెప్పి వచ్చేశాను. నా తమ్ముడి ప్రాణం ఆమె తన గుప్పిట్లోంచి తీసి నాకిచ్చింది, నేను థాంక్స్ కూడా చెప్పలేదు. ఎలా చెప్పమంటారు ఆ మాట?

మే గడిచింది, జూన్ గడిచింది. మా ఇద్దరికీ నిద్రల్లేవు. విలువ పడిపోయిన కాగితపు డాలర్లను మంగలి తన అంగడి గోడలకు అంటించుకున్న రోజులవి, ఊరంతా అదే నవ్వులాట. మాకు నవ్వు వచ్చేది కాదు. జూలై చివర్లో ఒక మధ్యాహ్నం, వీధిలో జనం అరుస్తూ పరిగెత్తారు. మందుగుండు ఓడ క్షేమంగా పాయలోకి వచ్చేసింది. ఉత్తరంలో చెప్పిన దీపాలు చూసుకునే వచ్చిందట. వారం తిరక్కుండా సైలస్ నా గుమ్మంలో నిలబడి, ఎండకు చర్మం ఊడిన ముక్కుతో పళ్ళికిలిస్తున్నాడు.

టేసీ మెట్ల మీంచి దూకినట్టు దిగింది. వాడి భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఉత్తరం చేరింది! చేరింది కదరా! చేరకపోతే మీరు వచ్చేవాళ్ళా?"

"చేరింది పిన్నీ, మా కెప్టెన్‌కి మా కళ్ళముందే వచ్చింది కబురు," అన్నాడు వాడు.

ఆ రోజునించీ ఆమె మనిషే మారిపోయింది. గోడలకు సున్నం వేసింది. ఈనక్ కోటు తీసి కాలరు తిప్పి కుట్టింది. అతను కూర్చుని కుట్టే బల్లను నూనెతో రుద్దింది. "దగ్గుతో వస్తాడు, మీ ఆయనకి పాలు కావాలి, ఎవరి ఆవును ఎత్తుకొద్దాం?" అని నేను ఆటపట్టిస్తే, "విట్లాక్ గారి ఆవునే ఎత్తుకొద్దాం, ఖర్చు ఆయన లెక్కలో రాసుకోమందాం," అనేది. ఆ రెండు నెలలూ ఆమె పాడుతూ కుట్టేది. గొంతు ఘోరం. నేను ఒక్కసారి కూడా ఆపమనలేదు.

అక్టోబరులో సుసానా తిరిగొచ్చింది. నాంత్ నించి మార్పిడి జాబితా తెచ్చింది, దాన్ని రేవులో కాఫీ అంగడి తలుపుకి కొట్టారు. పైన విడుదలైనవాళ్ళ పేర్లు, కింద జైల్లోనే పోయినవాళ్ళ పేర్లు. టేసీ పై పేర్లు చదివింది. మళ్ళీ చదివింది. ఆ తర్వాత కిందవి. ఈనక్ పెల్, ఆగస్టు, ఊపిరితిత్తుల జబ్బు.

ఆమె ఏడవలేదు. తిన్నగా మా ఇంటికి వచ్చింది. స్టౌట్ పెద్ద బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. అతని ఎదురుగా సైలస్ ఉన్నాడు. నాకు ఇంకా కబురు తెలీదు. ఆమె ముఖం చూసి గరిటె వదిలేశాను.

"కెప్టెన్ గారూ," అంది, "నా సంచిలో ఉత్తరం నాంత్‌లో ఎవరి చేతికిచ్చారు?"

"నీ సంచా?" స్టౌట్ ముఖమంతా నవ్వయింది. "నీకు చెబుదామనే వచ్చానమ్మా! ఏం కుట్టావు! నది దాటి సముద్రంలో పడ్డ మర్నాడే యుద్ధనౌక ఒకటి మా మీదికొచ్చింది, రాజుగారి జెండాతో. విసిరేశాను. గుండులా పోయింది, ఒక్క బుడగ లేదు. తీరా దగ్గరకొచ్చాక చూస్తే మనవైపున్న ఫ్రెంచివాళ్ళు! దొంగజెండా ఎగరేసుకుని తిరుగుతున్నారట వెధవలు. ఎంత నవ్వుకున్నామో! పోతేపోయింది, నకళ్ళు మాకంటే ముందే చేరాయి. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు."

"అది తేలి ఉంటే?"

"తేలితే ఇంకేం, పడవ దింపి తెచ్చుకునేవాణ్ణి. ఆ రోజు అల కూడా లేదు."

బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురు ఇంకా నవ్వుతున్నారు. ఏప్రిల్ నాటి సంగతి నేను సైలస్‌కి అంతా చెప్పి ఉన్నాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఈనక్ బాబాయ్?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాడు చేతిలో రొట్టె ముక్క కింద పెట్టి, తల వంచుకుని, బల్ల మీంచి లేవబోయాడు.

"ఎక్కడికిరా?" అంది టేసీ. "కూర్చో."

"పిన్నీ, నేను..."

"కూర్చో అంటున్నానా! తిను. నాకు దక్కింది నువ్వొక్కడివే. నువ్వు కూడా తినకుండా లేచిపోతే, నేనెవరి కోసం కుట్టినట్టురా?"

ఆమె వాడి పక్కనే బల్లమీద కూర్చుంది. తోలుపట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. వాడు ఏడుస్తూనే ఆ రొట్టె తిన్నాడు, చివరి ముక్కదాకా. ఆమె చూస్తూ కూర్చుంది.